చెవులతో యుద్ధం చేసిన డెల్టా మనుషులకు ఒక పుస్తకం తెరవండి

గోదావరి డెల్టా జిల్లాల కలెక్టర్లకు, సైనిక సంక్షేమ అధికారులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నేను తంతి శాఖలో పనిచేసి విరమించిన కోనసీమవాడిని. రెండో ప్రపంచ యుద్ధంలో ఇండియన్ సిగ్నల్ కోర్‌లో, వైర్‌లెస్ కేంద్రాల్లో, సైఫర్ (గూఢలిపి, అంటే రహస్య రాత) కార్యాలయాల్లో పనిచేసిన మన డెల్టా మనుషుల వివరాలు జిల్లాల వారీగా నమోదు చేయాలని కోరుతూ ఇదివరకే అర్జీ పెట్టాను. వారి ఇళ్ళలో మిగిలిన కాగితాలకు నకళ్ళు తీయాలని, బతికి ఉన్న వితంతువులకు సాయం అందడంలో ఉన్న చిక్కులు తీర్చాలని కూడా అందులో అడిగాను. రసీదు ఇచ్చారు. తరువాత ఒక వాక్యంలో జవాబు వచ్చింది: విషయం మా పరిధిలోకి రాదు. ఎవరి పరిధిలోకి వస్తుందో రాయలేదు. రెండో కార్యాలయానికి వెళితే మొదటి కార్యాలయానికే వెళ్ళమన్నారు. ఆ కార్యాలయాల పేర్లు ఇక్కడ చెప్పను. ఒక గుమాస్తాను నలుగురిలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు, దాని వల్ల పని జరగదు కూడా. అందుకే మీ అందరినీ ఉద్దేశించి, జనం చదివేలా రాస్తున్నాను.

సిగ్నల్ సైనికుడంటే జెండా ఊపేవాడో, తీగలు లాగేవాడో అని చాలామంది అనుకుంటారు. ఇండియన్ సిగ్నల్ కోర్ 1911 ఫిబ్రవరి 15న ఫతేగఢ్‌లో పుట్టింది. రెండో యుద్ధం వచ్చేసరికి వైర్‌లెస్ సెట్లు సైన్యం వెంట నడిచాయి. భారత సైన్యం పాతిక లక్షలకు పెరిగిన ఆ కాలంలో, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టి, చెప్పినది తప్పు లేకుండా రాసుకోగలిగిన కుర్రవాళ్ళు సిగ్నల్స్‌కు కావలసి వచ్చారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో హైస్కూలు గుమ్మం తొక్కినవారికి అక్కడ చోటు దొరికింది. సైన్యం లెక్కల్లో తెలుగువాడైనా, అరవవాడైనా, మలయాళీ అయినా అందరూ మద్రాసీలే. చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే మోర్స్ అప్పటికే చేతిలో ఉన్న తంతి శాఖవారు కొందరు యూనిఫారం వేసుకున్నారు. యుద్ధం ముగిశాక అలాంటివారిలో కొందరు మళ్ళీ మా కౌంటర్ల వెనక్కే వచ్చి కూర్చున్నారు. అందుకే ఈ సంగతి నా చెవిన పడింది. అది కూడా అరకొరగానే. ఎక్కడ పనిచేశారో అడిగితే ఢిల్లీ అనేవారు, ఏం పని అంటే వైర్‌లెస్ అనేవారు. ఆ పైన మాట మార్చేసేవారు.

ఆ పని మన తీరానికి ఎంత దగ్గరిదో చెప్పాలంటే 1942 గుర్తు చేయాలి. ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. మార్చిలో రంగూన్ పోయింది, అదే నెల 23న అండమాన్ దీవులు జపాను చేతికి వెళ్ళాయి. బర్మాలో మన తెలుగువాళ్ళను కోరంగీలు అని పిలిచేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరే వాళ్ళందరికీ పేరైంది. ఆ కోరంగీలు అప్పటికి అడవులు, కొండలు పడి నడిచి వస్తున్నారు. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు జపాను విమానాలు కొలంబో మీద పడ్డాయి. మర్నాడు, ఏప్రిల్ 6న, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అడ్మిరల్ ఒజావా నడిపిన ఆ దళం బంగాళాఖాతంలో, తోడు యుద్ధనౌకలు లేకుండా పోతున్న సరుకు ఓడలను ఇరవై దాకా కొద్ది రోజుల్లోనే ముంచింది.

కొలంబోకు మాత్రం హెచ్చరిక ముందే అందింది. సింగపూర్ నుంచి అక్కడికి తరలివచ్చిన బ్రిటిష్ గూఢలిపి విభాగం జపాను నౌకాదళ సందేశాలను పట్టి, కొంత కొంత చదువుతోంది. దాడి చేయబోయే చోటుకు జపాను వారు ఒక రహస్య గుర్తు పెట్టుకున్నారు. తరువాత ఒక సందేశంలో దానినే అక్షరాల్లో 'కో-రో-న్-బో' అని విడమర్చి పంపారని ఆ చరిత్ర రాసినవారు చెబుతారు. యంత్రాలు, గణితం, పుస్తకాలు ఎన్ని ఉన్నా చివరికి హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఒక మనిషి ఆ నాలుగు శబ్దాలను సరిగా విని కాగితం మీద పెట్టాడు. దాడి తేదీ అంచనా కొన్ని రోజులు తప్పింది, అయినా కొలంబో పూర్తిగా నిద్రలో దొరికిపోలేదు.

ఇక ఢిల్లీ. ఆనంద్ పర్బత్ కొండ మీద రామ్‌జస్ కళాశాల ఉన్న చోట యుద్ధ కాలంలో వైర్‌లెస్ ఎక్స్‌పెరిమెంటల్ సెంటర్ పెట్టారు. పేరుకు ప్రయోగశాల. చేసిన పని జపాను సైన్యపు రేడియో సందేశాలను పట్టడం, విప్పడం. శత్రు గూఢలిపులను విప్పిన ప్రధాన కేంద్రం, ఇంగ్లండులోని బ్లెచ్‌లీ పార్కుకు ఇది దూరపు శాఖ లాంటిది. బెంగళూరులో, కలకత్తా దగ్గరి బారక్‌పూర్‌లో దీనికి ఉపకేంద్రాలు ఉండేవి. ఢిల్లీ కేంద్రంలో 1,000 మందికి పైగా పనిచేశారు. వారిలో బ్రిటిష్ అధికారులు, భారతీయ సిగ్నల్ సైనికులు, ఉమెన్స్ ఆక్సిలరీ కోర్ స్త్రీలు ఉన్నారు.

అక్కడ 1943 ఏప్రిల్‌లో ఒక పెద్ద పని జరిగింది. జపాను సైన్యం ఓడల మీద మనుషులను, బియ్యాన్ని, మందుగుండును తరలించడానికి వాడిన గూఢలిపి ఒకటి ఉండేది. సందేశం మొదట వచ్చే అంకెలను బట్టి దానిని 2468 అనేవారు. సైన్యపు ప్రధాన గూఢలిపుల్లో మొట్టమొదట విడినది అదే. ఢిల్లీలో విల్‌ఫ్రిడ్ నోయిస్, మారిస్ అలెన్ అనే ఇద్దరు దాని అంకెల్లో ఒక క్రమాన్ని పసిగట్టారు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ కేంద్రంలోనూ, అమెరికాలోనూ అదే సమయంలో అదే దారి దొరికింది. తరువాత జపాను సరఫరా ఓడలు ఎప్పుడు ఎటు కదులుతున్నాయో ముందే తెలిసిపోయేది. ఆ నోయిస్ 1953 ఎవరెస్టు యాత్రలో కూడా ఉన్నాడు. ఆయన పేరు రెండు చరిత్రల్లోనూ ఉంది. ఆయన బల్ల మీదకు వచ్చిన సందేశాలను రాత్రంతా మేలుకుని రాసుకున్నవారి పేర్లు మాత్రం ఒక్కదానిలోనూ కనిపించవు.

ఇక్కడ కాస్త పని వివరం చెప్పాలి. ఈ లేఖ చదివే అధికారి 'వినడం ఏం పెద్ద పని' అనుకుంటే తరువాతి మాటలేవీ ఎక్కవు. జపాను గూఢలిపిలో ప్రతి మాటకూ ఒక అంకెల గుంపు ఉండేది. సైన్యానిదైతే నాలుగేసి అంకెలు, నౌకాదళానిదైతే ఐదేసి. ఆ గుంపును అలాగే పంపరు. మరో పుస్తకంలోని అంకెలను, పక్క స్థానానికి మిగులు మోయకుండా, దానికి కూడి పంపుతారు. విప్పేవాడు చేయగలిగిందల్లా, ఒకే పేజీ అంకెలు కూడిన సందేశాలను వెతికి ఒకదాని కింద ఒకటి పేర్చి, తీసివేతలు చేసి చూడడం. అందుకు ఒకటి రెండు సందేశాలు చాలవు, వందలూ వేలూ కావాలి. అవి తప్పు లేకుండా ఉండాలి. వినేవాడు ఒక్క అంకె జారవిడిస్తే కింద పేర్చిన వరుసంతా పనికిరాకుండా పోతుంది. ఉరుముల శబ్దంలో, ఇతర కేంద్రాల గోలలో, పగలంతా కాలిన రేకుల షెడ్డులో కూర్చుని, అర్థం తెలియని అంకెలను గంటల తరబడి రాయాలి. దానికి తోడు జపాను వారి మోర్స్ వేరు. మేము నేర్చిన ఇరవై ఆరు అక్షరాల గుర్తులు అక్కడ సరిపోవు, కానా అక్షరాలకు యాభై దాకా గుర్తులు పట్టుబడాలి. అవతల కీ కొట్టేవాడి చేతి తీరును బట్టి ఇది ఫలానా మనిషి అని గుర్తుపట్టగలిగేవారు. దళం పేరు మార్చుకున్నా, పిలుపు గుర్తు మార్చుకున్నా, చేతి తీరు మారదు. మా కాలంలో తంతి కౌంటరులో కూడా ఏ ఊరి నుంచి ఎవరు కొడుతున్నారో పేరు చెప్పకుండానే తెలిసేది కాబట్టి ఈ మాట నేను నమ్మకంగా రాయగలను.

మన డెల్టావాళ్ళు జపాను గూఢలిపిని ఛేదించారని నేను గొప్పలు చెప్పుకోవడం లేదు. లెక్కలు కట్టే గదుల్లో ఎక్కువగా ఉన్నది బ్రిటిష్ వారే. సైఫర్ గుమాస్తాలు, వినేవారు, తీగలు వేసేవారు, మోటారు సైకిలు మీద సందేశాలు మోసేవారు లేకపోతే ఆ గదులకు పనే లేదు, నేను అంటున్నది అంతే. కాటన్ దొర విగ్రహం మన డెల్టాలో ఊరూరా ఉంది, ఉండాలి కూడా. అర్ధరాత్రి వాన మధ్య లాకు తలుపులెత్తిన లస్కరు పేరు మాత్రం ఏ పలక మీదా ఉండదు. ఈ యుద్ధం విషయంలోనూ అదే జరిగింది.

వేరే దేశాలు ఏం చేశాయో రెండే మాటలు. బ్లెచ్‌లీ పార్కులో యుద్ధం చివరికి పదివేల మంది దాకా పనిచేశారు, వారిలో నాలుగింట మూడు వంతులు స్త్రీలు. 1974 దాకా ఆ సంగతి బయటి లోకానికి సరిగా తెలియదు. 2009లో బ్రిటిష్ ప్రభుత్వం బతికి ఉన్నవారికి ఒక గుర్తింపు బిళ్ళ ఇచ్చింది. ఇప్పుడు అక్కడ అందరూ చూడగలిగే గౌరవ జాబితా ఉంది. కుటుంబాలు వివరాలు పంపితే చేరుస్తారు, బయటి కేంద్రాల్లో చేసినవారికి కూడా అందులో చోటు ఉంది. అమెరికాలో తమ మాతృభాషతోనే సైనిక సంకేతాలు నడిపిన నవాహో తెగవారి సంగతి 1968 దాకా రహస్యం. 2001లో మొదటి ఇరవై తొమ్మిది మందికి అక్కడి కాంగ్రెసు బంగారు పతకం ఇచ్చింది. ఆలస్యంగానైనా పేరు పేరునా పిలిచారు.

మన దగ్గర ఆ పిలుపు రాకపోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది రహస్యం. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నోరు మెదపవద్దని చెప్పి పంపారు, వాళ్ళు చెప్పినట్టే మెదపలేదు. రెండోది కొంచెం ఇబ్బందికరమైనది. 1942 ఆగస్టు తరువాత ఈ జిల్లాల్లో క్విట్ ఇండియా అంటూ ఎందరో రాజమండ్రి సెంట్రల్ జైలుకు వెళ్ళారు. అదే ఊరివాడు తెల్లవాళ్ళ సైన్యంలో జీతం తీసుకున్నానని తరువాత ఎలా చెప్పుకుంటాడు? ఒకే ఇంట్లో ఒకడు జైలుకు, ఒకడు జబల్‌పూర్ శిక్షణకు వెళ్ళిన సందర్భాలు పెద్దల నోట విన్నాను. వాళ్ళలో ఎవరు గొప్ప అనే తగవులోకి నేను దిగను. ఆకలికి వెళ్ళినవాడు, చదువు వృథా కాకూడదని వెళ్ళినవాడు, కాకినాడ మీద బాంబులు పడ్డాయని వెళ్ళినవాడు, అందరూ అందులో ఉన్నారు. స్వాతంత్ర్య సమరయోధుల జాబితా ఉండడం న్యాయం. దాని పక్కన ఇంకో జాబితా ఉంటే దాని విలువ తగ్గదు.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన సైనిక గ్రామమని అందరికీ తెలుసు. అక్కడ స్మారకం కూడా ఉంది. అది ఆ ఊరివాళ్ళు తమ జ్ఞాపకాన్ని తామే పట్టుకున్నందువల్ల నిలిచింది. ఊరికి ఒకరో ఇద్దరో చొప్పున వెళ్ళిన సిగ్నల్ సైనికులకు అలాంటి ఊరు లేదు. నమోదు లేకపోవడం వల్ల సామాన్యులకు జరుగుతున్న నష్టాన్ని వరుసగా రాస్తున్నాను.

1. అన్నిటికన్నా ముందు డబ్బు సంగతి. యుద్ధంలో చేరినవారిలో అత్యధికులను 1946 ప్రాంతంలో ఇళ్ళకు పంపేశారు. సిపాయికి పింఛను రావాలంటే 15 ఏళ్ళ సర్వీసు కావాలి, వీళ్ళకు నాలుగైదేళ్ళు కూడా లేదు. కాబట్టి సైన్యపు పింఛను లేదు. అలాంటివారికి, వారి వితంతువులకు సైనిక సంక్షేమ శాఖ ద్వారా నెలనెలా సాయం అందే ఏర్పాటు ఉంది. దానికి డిశ్చార్జి పుస్తకం, అంటే సైన్యం నుంచి పంపేటప్పుడు ఇచ్చిన సర్వీసు పుస్తకం, అడుగుతారు. అడగడం తప్పు కాదు. ఒక లంక గ్రామంలో తొంభై దాటిన ఒక పెద్దావిడ ఉన్నారు. భర్త సిగ్నల్స్‌లో చేశారు. ఆయన ట్రంకు పెట్టె 1986 ఆగస్టు వరదలో పోయింది. ఆమె దగ్గర మిగిలింది ఒక పతకం, ఒక ఫోటో. పతకం ఇండియా సర్వీస్ మెడల్. కౌంటరులో దానిని తిప్పి చూసి, ఇది దేశం దాటనివాళ్ళకు ఇచ్చేది, బర్మా స్టార్ ఉంటే తీసుకురండి, ఈయన యుద్ధానికి వెళ్ళినట్టు లేదు అన్నారు. ఆమె మనవడు తల వంచుకుని వచ్చేశాడు.

ఆ మాట అన్నవారికి తెలియని విషయం ఇది. బర్మా స్టార్ బర్మా యుద్ధరంగంలో చేసినవారి పతకం. ఇండియా సర్వీస్ మెడల్ యుద్ధ కాలంలో భారతదేశంలోనే, యుద్ధరంగానికి దూరంగా, మూడేళ్ళు పనిచేసిన భారత దళాలవారికి ఇచ్చిన పతకం. శత్రువు రేడియో వినే పెద్ద కేంద్రాన్ని ఎవరూ శత్రువు ఫిరంగి ముందు పెట్టరు. ఢిల్లీలో, బెంగళూరులో కూర్చుని చేయవలసిన యుద్ధం అది. బర్మా స్టార్ లేదు కాబట్టి యుద్ధంలో లేడనే లెక్క ప్రకారం చూస్తే ఆనంద్ పర్బత్ మీద పనిచేసినవారిలో చాలామంది యుద్ధంలో లేనట్టే. ఆ పెద్దావిడ దరఖాస్తు ఇంకా అక్కడే ఉంది. ఆమె వయసు మాత్రం ఆగడం లేదు.

2. జిల్లా పేర్ల చిక్కు. పాత సైనిక పత్రాల్లో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అని ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అదే ఊరు కోనసీమలోనో, కాకినాడలోనో, ఏలూరులోనో పడింది. పత్రంలో తూర్పు గోదావరి ఉంది కాబట్టి రాజమండ్రి వెళ్ళమని ఒకరు, ఊరు ఇప్పుడు మా జిల్లాలో లేదని మరొకరు. దీనికి పాత ఇంగ్లీషు స్పెల్లింగుల గొడవ తోడు. సైనిక గుమాస్తా తోచినట్టు రాసుకున్న ఊరి పేరును ఆధార్‌లోని పేరుతో అక్షరం అక్షరం సరిచూస్తే ఒక్కటీ కలవదు. ఇంటిపేరు ముందుకు, వెనక్కు మారిపోయి ఉంటుంది. సిగ్నల్స్ రికార్డు కార్యాలయం జబల్‌పూర్‌లో ఉంది. అక్కడ వెతకాలంటే ఆర్మీ నంబరు చెప్పాలి. ఆ నంబరు ఉన్న పుస్తకమే వరదలో పోయింది. బయటపడే దారి చూపవలసింది మీరే.

3. కాగితాలు చచ్చిపోతున్నాయి. మన గాలిలో ఉప్పు, తేమ ఉన్నాయని మీకు నేను చెప్పనక్కరలేదు. 1986 వరద కొన్నింటిని తీసుకుపోయింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో ఇళ్ళ కప్పులతో పాటు అటకల మీద ఉన్నవాటినీ తీసుకుపోయింది. మిగిలినవి చెదపురుగుల పాలు. 1944 జనవరిలో న్యూగినీలోని సియో అనే చోట, వెనక్కి పోతున్న జపాను దళం పూడ్చిపెట్టిన ఒక పెట్టె ఆస్ట్రేలియా సైనికులకు దొరికింది. లోపల నీళ్ళలో నానిన గూఢలిపి పుస్తకాలు. బ్రిస్బేన్‌లో ఒక్కొక్క పేజీ విడదీసి ఆరబెట్టి చదువుకున్నారు. శత్రువు పుస్తకానికి అంత సేవ చేశారు. మనం మనవాళ్ళ డిశ్చార్జి పుస్తకానికి ఒక ఫోటో తీయడానికి కూడా మనిషిని పంపలేదు.

4. స్త్రీలు. 1942లో మొదలైన ఉమెన్స్ ఆక్సిలరీ కోర్ వారు సిగ్నల్ కార్యాలయాల్లో, సైఫర్ గదుల్లో పనిచేశారు. పెళ్ళితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, చేసిన పని ఇంట్లో చెప్పకూడనిది. ఇలాంటివారు మన డెల్టాలో ఎవరని అడిగిన సర్వే ఒక్కటి నాకు కనిపించలేదు. అడగకుండా లేరనడం మాత్రం కుదరదు.

5. పిల్లలకు తమ తీరం మీద యుద్ధం జరిగిందనే తెలియదు. పెరల్ హార్బరు తేదీ చెప్పగలిగిన కాకినాడ విద్యార్థికి ఏప్రిల్ 6 తేదీ తెలియదు. కంప్యూటర్ కోర్సుల్లో గూఢలిపి శాస్త్రం చదువుతున్న వందల మందికి బ్లెచ్‌లీలో పనిచేసిన ట్యూరింగ్ పేరు వస్తుంది, ఆనంద్ పర్బత్ పేరు రాదు.

ఇది రక్షణ శాఖ విషయం, జిల్లా యంత్రాంగం ఏం చేయగలదు అనే జవాబు వస్తుందని తెలుసు. అందుకే మీ చేతిలో ఉన్నవి ముందు, పైవారి చేతిలో ఉన్నవి తరువాత అడుగుతున్నాను.

మొదటి కోరిక: ఈ వర్షాకాలం ముగిశాక మూడు నెలల్లో, గ్రామ సచివాలయాల ద్వారా ఇంటింటికీ ఒకే ప్రశ్న అడిగించండి. మీ ఇంటివారెవరైనా 1939 నుంచి 1946 వరకు సిగ్నల్స్‌లో, వైర్‌లెస్‌లో, తంతిలో, సైఫర్ పనిలో ఉన్నారా? ఉన్నారంటే పేరు, ఊరు, గుర్తున్న సంగతులు ఒక కాగితం మీద రాసుకోండి. రుజువు అప్పుడే అడగవద్దు. రుజువు అడిగితే ఎవరూ నోరు విప్పరు.

రెండో కోరిక: డెల్టా జిల్లాలన్నిటికీ కలిపి ఒకే అధికారిని ఈ పనికి పేరు పెట్టి నియమించండి. పాత జిల్లా పేరుతో వచ్చిన పత్రాన్ని ఎక్కడైనా తీసుకోవాలి. ఇండియా సర్వీస్ మెడల్‌ను, 1939-45 వార్ మెడల్‌ను యుద్ధ సేవకు తొలి ఆధారంగా అంగీకరించి, మిగిలిన వెతుకులాటను కార్యాలయమే జబల్‌పూర్‌కు రాసి చేయాలి. ఆర్మీ నంబరు లేనప్పుడు పేరు, ఊరు, తండ్రి పేరు, చేరిన ఏడాది అంచనాతో వెతకమని ఒక అధికారి రాస్తే వచ్చే జవాబు, ఒక వితంతువు మనవడు రాస్తే వచ్చే జవాబు ఒకటి కావు. ఇది మీకు కూడా తెలుసు.

మూడో కోరిక: మండల కేంద్రాల్లో శిబిరాలు పెట్టి డిశ్చార్జి పుస్తకాలు, పతకాలు, ఫోటోలు, ఉత్తరాలు అక్కడికక్కడే స్కాను చేసి, అసలు ప్రతిని అదే పూట తిరిగి చేతికి ఇవ్వండి. ఒకసారి అసలు ప్రతులు ఇచ్చి మళ్ళీ చూడనివాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఇంకోసారి నమ్మి ఇవ్వరు. వృద్ధుల మాటలను అదే శిబిరంలో రికార్డు చేయించండి. చరిత్ర శాఖలున్న కళాశాలల విద్యార్థులకు ఇంతకంటే మంచి పని ఏముంటుంది?

నాలుగో కోరిక: రాష్ట్ర ప్రభుత్వం ద్వారా రక్షణ శాఖకు లేఖ రాయించండి. 1993 పబ్లిక్ రికార్డుల చట్టం ఉంది, పాతికేళ్ళు దాటిన రికార్డులను జాతీయ అభిలేఖాగారానికి పంపాలనే నియమం ఉంది. 2021 జూన్‌లో రక్షణ శాఖ ప్రకటించిన విధానం కూడా మామూలుగా పాతికేళ్ళకు రికార్డులు బయటపెట్టాలంటోంది. ఎనభై ఏళ్ళు దాటిన ఢిల్లీ, బెంగళూరు, బారక్‌పూర్ కేంద్రాల సిబ్బంది జాబితాల్లో ఇంకా దాచవలసిన రహస్యం ఏముంది? జపాను వాడిన ఆ గూఢలిపులు ఇప్పుడు బజారులో దొరికే పుస్తకాల్లో ఉన్నాయి. జాబితాలు మన దగ్గర ఉంటే వాటిని తెరవాలి. లండన్‌కు తరలిపోయి ఉంటే నకళ్ళు తెప్పించాలి. తేలిన పేర్లను బ్లెచ్‌లీ గౌరవ జాబితాకు కూడా పంపాలి, అది ఖర్చు లేని పని.

ఐదో కోరిక చిన్నది. కాకినాడ రేవు దగ్గర జనం తిరిగే చోట 1942 ఏప్రిల్ 6 నాటి సంగతి తెలుగులో చెక్కిన ఒక ఫలకం పెట్టండి. రిబ్బను కత్తిరించే సభ పెట్టకపోయినా ఫరవాలేదు.

వీటికి ఎంత ఖర్చవుతుందని అడగవచ్చు. స్కానర్లు సచివాలయాల్లో ఉన్నాయి, మనుషులు ఉన్నారు. లేనిది ఉత్తర్వు. పాత ఇంగ్లీషు చేతిరాత, సైనిక పొడి అక్షరాలు చదవడం కుర్రవాళ్ళకు కష్టమైతే, మా తంతి శాఖ విశ్రాంత ఉద్యోగులం కొందరం జీతభత్యాలు లేకుండా శిబిరాలకు వస్తాం. బస్సు చార్జీలు కూడా మేమే పెట్టుకుంటాం.

ఒక విన్నపం వీటన్నిటికన్నా తొందరది. ఒకటో అంశంలో చెప్పిన పెద్దావిడ లాంటివారు డెల్టాలో ఇంకా కొందరైనా ఉంటారు. వారి దరఖాస్తులను సర్వే పూర్తయ్యేదాకా ఆపవద్దు. పెండింగులో ఉన్న రెండో ప్రపంచ యుద్ధ వితంతువుల దరఖాస్తులు ఎన్ని, ఏ కారణంతో ఆగాయి అనే పట్టికను నెల రోజుల్లో మీ కార్యాలయాల నోటీసు బోర్డుల మీద పెట్టండి. తిరస్కరించినవాటికి కారణాన్ని తెలుగులో, రాతపూర్వకంగా దరఖాస్తుదారుకు ఇవ్వండి. మొదటి శిబిరం ఏ మండలంలో, ఏ తేదీన జరుగుతుందో అదే నోటీసులో ప్రకటించండి. ఆ నెల గడిచినా నోటీసు రాకపోతే ఇవే ప్రశ్నలను సమాచార హక్కు చట్టం కింద ఒక్కొక్క జిల్లాకూ విడివిడిగా పంపుతాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత తంతి ఉద్యోగి,
కోనసీమ